కానుగ చెట్లూ కాపలా చీమలూ

నూకరత్నానికి యాభై మూడేళ్ళు. రోజూ పొద్దున్నే ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు అంటించే ముందు, చెట్టు మొదట్లో చీమలకి గుప్పెడు రవ్వ వేసేది.

ఎక్కడ, ఎప్పుడు అంటావా? అనగనగా ఒక ఊళ్ళోనే అనుకో. రాజులూ కోటలూ ఉన్న ఊరు కాదు తల్లీ, సిటీ బస్సులు తిరిగే ఊరు. సముద్రం మీంచి ఉప్పుగాలి కొట్టే ఊరు. అందులో ఒక ఉద్యోగస్తుల కాలనీ. కాలనీలో నలభై ఇళ్ళు, ఒకటే పొడుగాటి వీధి, ఆ వీధి పొడుగునా పదకొండు కానుగ చెట్లు. మొదటి చెట్టు కింద నూకరత్నం ఇస్త్రీ బండి.

కానుగ నీడ నువ్వు చూడలేదు కదూ. మే నెలలో మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద నడిచి నడిచి దాని కిందికి వస్తే, ఎవరో నెత్తిన చల్లటి చెయ్యి పెట్టినట్టుంటుంది. నూకరత్నం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిప్పుల పెట్టెతో పని చేసే మనిషి. ముందు నిప్పు, పైన ఎండ, రెండూ కలిస్తే ఎవరూ నిలబడలేరు. చెట్టు ఉంటేనే ఆవిడకి పని. పని ఉంటేనే అన్నం. ఈ మాట గుర్తుపెట్టుకో.

మొగుడు లేడా అని అడక్కు. ఉండేవాడు, పోయాడు. ఈ కథలో అతనికి పని లేదు.

ఆ కాలనీకి ఒక సంఘం. సంఘానికి ఒక ప్రెసిడెంటు. పేరు దక్షిణామూర్తి. పెద్ద ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఆఫీసు పోయింది గానీ ఆర్డర్లు వేసే అలవాటు పోలేదు. వాళ్ళావిడ వరూధినమ్మ. ఆవిడ గొంతు ఎలా ఉంటుందో కాలనీలో చాలామందికి తెలియదు.

ఒక ఏడు దక్షిణామూర్తి గారు కాలనీ గేటుకి అందం కావాలన్నాడు. ఎక్కడో దూరదేశం నుంచి ఓడలో వచ్చిన ఎర్రాకుల మొక్కలు కుండీలతో సహా తెప్పించి, గేటుకి ఇటు మూడు, అటు మూడు పెట్టించాడు. రిబ్బన్ కత్తిరించాడు. ఫొటో దిగాడు. ఆ ఎర్రాకుల వెనకాల ఏముందో ఎవరూ తిప్పి చూడలేదు.

అప్పుడు మొదలైంది.

మొదట కానుగ ఆకులు నూనె రాసినట్టు మెరిశాయి. ఎంత బాగున్నాయో అనుకున్నారు. ఆ తర్వాత చెట్ల కింద నడిస్తే చెప్పులు నేలకి అతుక్కుని చప్పుడు చేశాయి. ఎవరో పాకం ఒలకబోశారు అనుకున్నారు. పక్క వీధి ఆవిడ ఒకామె వచ్చి వేలితో తాకి నాలిక మీద పెట్టుకుని, చెట్టు తేనె కారుస్తోందని మాను చుట్టూ పసుపు రాసి బొట్లు పెట్టి వెళ్ళింది. ఆ తర్వాత నూకరత్నం బండి మీద మచ్చలు తేలాయి.

ఎలాగంటే, ఆ తియ్యటి చుక్క బట్ట మీద పడితే కంటికి కనపడదు. నీళ్ళ చుక్కలా ఇంకిపోతుంది. దాని మీద కాలే ఇస్త్రీ పెట్టె నడిపితే మాత్రం మాడిన పాకంలా గోధుమరంగు మచ్చ బయటపడుతుంది. నూకరత్నం తెల్ల చొక్కా పరిచి పెట్టె లాగగానే వీపు మీద మచ్చ. పక్కకి లాగితే ఇంకోటి. చేతుల మీదికి లాగితే నాలుగు. మళ్ళీ ఉతికింది, మళ్ళీ చేసింది, మళ్ళీ మచ్చలే.

మొదటి వారం ఇద్దరు బట్టలు వెనక్కి విసిరారు. రెండో వారం ఏడు ఇళ్ళ వాళ్ళు మూటలు పంపడం మానేశారు. మూడో వారం దక్షిణామూర్తి గారే స్వయంగా తన చొక్కా పట్టుకుని బండి దగ్గరికి వచ్చాడు.

"కళ్ళు ఆనడం లేదా రత్నం? వయసు మీద పడితే పని మానెయ్యాలి. జనం బట్టలు కాల్చకూడదు."

ఆవిడకి యాభై మూడు. ఆయనకి అరవై ఆరు. అయినా ఆవిడ వయసు మాట ఎత్తలేదు. కాల్చలేదండీ, పైనుంచి ఏదో పడుతోందండీ అని మాత్రం చెప్పింది. ఆయన పైకి చూశాడు. ఆకాశం కనపడింది, చెట్టు కనపడింది. అబద్ధాలు కూడానా అని వెళ్ళిపోయాడు.

అప్పుడు నూకరత్నం బండి ఎక్కి నిలబడింది. ఒక కొమ్మ వంచి ఆకు తిప్పి చూసింది.

ఆకు వెనక పచ్చగా, ఇసక పోసినట్టు, పేలంత పురుగులు. ఆకంతా అవే. లేత చిగుళ్ళకి మూతులు గుచ్చి, కదలకుండా రసం పీలుస్తున్నాయి. తాగింది చాలక, ఎక్కువైన తీపిని వెనకనుంచి చుక్కలుగా వదులుతున్నాయి. చీదరగా ఉందా? ఆవిడకీ చీదరేసింది. రైతులు దాన్ని పేనుబంక అంటారు. మిరపతోటల్లో చూసే ఉంటారు. కానీ ఇది మన పేనుబంక కాదు. గేటు దగ్గర కుండీల్లో దిగిన కొత్త జాతి. మన కానుగకి దీని సంగతి తెలియదు.

ఇంకో సంగతి చెప్పనా? ఈ పురుగుల్లో నెలల తరబడి మగవే కనపడవు. అన్నీ తల్లులే. తల్లి నేరుగా పిల్లల్ని కంటుంది. పుట్టిన పిల్ల కడుపులో అప్పటికే ఇంకో పిల్ల తయారవుతూ ఉంటుంది. అందుకే ఇవాళ పది ఉంటే వచ్చేవారానికి వందలు.

దక్షిణామూర్తి గారింట్లో సంఘం మీటింగు పెట్టారు. మగవాళ్ళు సోఫాల్లో కూర్చున్నారు. ఆడవాళ్ళు వంటింటి గుమ్మం దగ్గర కాఫీ గ్లాసులతో నిలబడ్డారు. పేనుబంక గురించి ఎవరో ఫోనులో చూసి చదివి వినిపించాడు. అన్నీ ఆడవే అన్నచోట ఒకాయన, "అదీ సంగతి, ఆడవన్నీ ఒకచోట చేరితే కొంప మునగక ఏమవుతుంది" అన్నాడు. మగవాళ్ళంతా నవ్వారు. గుమ్మం దగ్గర ఆడవాళ్ళూ నవ్వారు, అలవాటు కొద్దీ. వరూధినమ్మ నవ్వలేదు. గ్లాసులో చక్కెర కలుపుతూనే ఉంది. చక్కెర ఎప్పుడో కరిగిపోయింది.

ఆ మీటింగుల్లో ఓటు ఇంటికి ఒకటి. ఇంటి సొంతదారు చెయ్యెత్తాలని నిబంధన. ఆ నిబంధన దక్షిణామూర్తి గారే రాశాడు. ఎత్తేవి మాత్రం ఎప్పుడూ మగచేతులే.

మొదటిసారి చేతులెత్తి కొమ్మలు నరికించారు. పురుగు కొమ్మతో పాటు పోతుందన్నారు. పదిహేను రోజులకి నరికినచోటల్లా లేత చిగుళ్ళు వచ్చాయి. లేత చిగురంటే పేనుబంకకి పాయసం. మచ్చలు రెట్టింపయ్యాయి.

రెండోసారి చేతులెత్తి మందు కొట్టించారు. ట్రాలీ ఆటోలో డ్రమ్ము పెట్టుకుని, మూతికి గుడ్డ కట్టుకుని ఇద్దరు వచ్చారు. నూకరత్నం బండి మీద మిగిలిన ఇళ్ళ బట్టలన్నీ కుప్పగా ఉన్నాయి. బట్టలు తీసేదాకా ఆగండి నాయనా అంది. వాళ్ళకి ఇంకో మూడు వీధులున్నాయట. ఆగలేదు. ఆవిడ చెట్టు వదిలేసి రెండో చెట్టు నుంచి పదకొండో చెట్టు దాకా కొట్టుకుంటూ పోయారు.

మర్నాడు పొద్దున్న ఆ పది చెట్ల కిందా తేనెటీగలు, సీతాకోకచిలకలు, పేరు తెలియని పురుగులు రాలి ఉన్నాయి. ఊడ్చే ఆవిడ చేటతో ఎత్తింది. నాలుగు రోజులు చుక్క పడలేదు. కాలనీ అంతా దక్షిణామూర్తి గారిని మెచ్చుకుంది. పన్నెండో రోజుకి పేనుబంక ముందుకంటే ఎక్కువగా వచ్చింది. ఆకుల మీద జిగురుకి నల్లటి మసి పట్టింది. చెట్లు పొయ్యి మీద గిన్నెల్లా తయారయ్యాయి.

మూడోసారి చేతులెత్తి, చెట్లన్నీ కొట్టెయ్యాలన్నారు. వాటి చోట తాటిచెట్లలాంటి అందం చెట్లు పెడతారట. వాటికి ఆకు రాలదు, వాటి మీద పిట్ట వాలదు. నీడ సంగతి ఎవరూ ఎత్తలేదు. వాళ్ళ ఇళ్ళల్లో ఏసీలున్నాయి కదా. పైఆఫీసు నుంచి అనుమతి కాగితం వచ్చింది. రెండు వారాల తర్వాత ఆదివారం రంపం మిషను వస్తుందన్నారు. ఆ రోజుకి బండి తీసెయ్యమని నూకరత్నానికి కబురు పంపారు.

తీసి ఎక్కడికి పోతుంది? పక్క వీధిలో వేరే బండి ఉంది. ఆ పై వీధిలో నీడ లేదు.

ఆవిడ ఆ రోజు ఇస్త్రీ చేస్తూనే ఉంది గానీ కళ్ళు చెట్టు మీదే ఉన్నాయి. అప్పుడు ఆవిడ పరిచిన తెల్ల దిండు గలీబు మీద టప్పున ఏదో పడింది.

అది అక్షింతల పురుగు. ఎర్రగా, గుండ్రంగా, వీపు మీద నల్లచుక్కలతో, నీ గోరంత ఉంటుంది. వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. దాని కాళ్ళకి రెండు నల్ల చీమలు వేలాడుతున్నాయి.

ఆవిడ చీమల్ని దులిపి పురుగుని కొమ్మ మీద పెట్టింది. కాసేపటికి ఇంకో అక్షింతల పురుగు పడింది. దాని రెక్క పట్టుకుని ఒక చీమ. ఆవిడ పెట్టె పక్కన పెట్టింది. బండెక్కి కొమ్మ దగ్గర మొహం పెట్టి చూసింది.

అక్షింతల పురుగు నెమ్మదిగా పాకుతూ వచ్చింది. పేనుబంకని ఒకదాన్ని పట్టుకుని నమిలింది. ఇంకోదాన్ని నమిలింది. అప్పుడు నాలుగు చీమలు పరిగెత్తుకుంటూ వచ్చాయి. తలో కాలూ పట్టుకుని లాగి దాన్ని అంచు మీంచి కిందికి తోసేశాయి. తోసేసి తాపీగా వెనక్కి వెళ్ళి, పేనుబంక వీపు మీద మీసాలతో తట్టాయి. పేనుబంక ఒక తీపి చుక్క వదిలింది. చీమ తాగింది.

మనం ఆవుని కాసినట్టే, చీమలు పేనుబంకని కాస్తున్నాయి. తినడానికి వచ్చిన వాటిని తరిమేస్తున్నాయి.

ఎవరి చీమలు? ఆవిడ చీమలే. పదహారేళ్ళుగా రోజూ రవ్వ వేసి మేపిన చీమలు. చెట్టు మొదట్లోనే పుట్ట పెట్టుకుని, పిల్లాజెల్లాతో దిట్టంగా బతుకుతున్న చీమలు. మాను మీద రెండు వేళ్ళ వెడల్పున నల్లటి దారి వేసుకుని పొద్దస్తమానం ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి. ఆవిడ ఆ దారిని రోజూ చూసింది. చూసి ముచ్చటపడింది.

మర్నాడు పొద్దున్న ఆవిడ గుప్పిట్లో రవ్వ గుప్పిట్లోనే ఉండిపోయింది. తిరిగి డబ్బాలో పోసేసింది.

ఆ తర్వాత ఇస్త్రీ బల్ల మీద పరిచే పాత దుప్పటి నిలువుగా చించింది. మాను చుట్టూ, తన నడుమెత్తున, మూడు చుట్లు బిగించి పురికొసతో కట్టింది. సైకిల్ షాపు నుంచి గ్రీజు తెచ్చి ఆ గుడ్డ మీద మందంగా పూసింది. బెరడుకి అంటకుండా గుడ్డ మీదే పూసింది. ఆ గ్రీజు దాటి చీమ ఎక్కలేదు.

కానీ మర్నాడు చూస్తే పైన చీమలు ఉన్నాయి. ఎలా వచ్చాయా అని చూస్తే, ఒక కొమ్మ ప్రహరీ గోడని తాకుతోంది. ఆ కొమ్మ చివర కత్తిరించింది. రెండో రోజూ ఉన్నాయి. చూస్తే, బట్టలు ఆరేసుకోడానికి తనే చెట్టుకీ బండికీ కట్టిన తాడు మీంచి వరసగా పోతున్నాయి. తాడు విప్పేసింది. మూడో రోజూ ఉన్నాయి. గాలికి ఎగిరొచ్చిన ఎండుటాకు ఒకటి గ్రీజుకి అతుక్కుని వంతెనైంది. దాన్ని పీకి పారేసింది. నాలుగో రోజు చీమలు గుడ్డ కింద గుంపుగా నిలబడి తలలు ఊపుతున్నాయి. పైకి ఒక్కటీ పోలేదు.

అవునే, నాకూ జాలే. కానీ ఆకలితో ఏమీ చావలేదులే. చీమలకి లోకంలో తిండికి తక్కువా?

మందు కొట్టని చెట్టు అదొక్కటే కదా. అక్షింతల పురుగులు మిగిలింది అక్కడే. ఇప్పుడు తరిమేవాళ్ళు లేరు. గుడ్లు పెట్టాయి. గుడ్లలోంచి నల్లగా, ముళ్ళముళ్ళుగా, బుల్లి మొసళ్ళలాంటి పిల్లలు వచ్చాయి. అందంగా ఉండవు గానీ తల్లికంటే ఎక్కువ తింటాయి.

అలా ఉండగా శనివారం వచ్చింది. శనివారం వస్తే కాలనీ ఆడవాళ్ళు డబ్బాల్లో బియ్యప్పిండీ చక్కెరా కలిపి తెచ్చి, చెట్ల మొదళ్ళలో చీమలకి వేస్తారు. మొగుళ్ళ జాతకాల్లో శని ఉందట. శని మొగుళ్ళకి, తిరగడం పెళ్ళాలకి. అందరికంటే ముందు వరూధినమ్మ వచ్చింది. గ్రీజు గుడ్డ చూసి ఆగిపోయింది. చీమలకి దారి మూసెయ్యడం మహాపాపం కదా రత్నం అని మెల్లగా అంది.

నూకరత్నం వాదించలేదు. రెండో చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి ఒక కొమ్మ వంచి పట్టుకుంది. జేబురుమాల్లో దాచి తెచ్చిన అక్షింతల పురుగుని ఆకు మీద వదిలింది. వరూధినమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది. చీమలు రావడం, కాళ్ళు పట్టుకోవడం, అది కిందపడటం, అంతా చూసింది.

"మీ శనివారం పిండే అమ్మా ఇదంతా," అంది నూకరత్నం. "నా రవ్వ కూడా. ఇద్దరం కలిసి దీనికి కాపలావాళ్ళని మేపాం."

వరూధినమ్మ డబ్బా మూత బిగించింది.

"ఆయన శనికి ఆయనే పిండి వేసుకుంటాడు," అంది.

ఆ మధ్యాహ్నం మగవాళ్ళు నిద్రపోయే వేళ వరూధినమ్మ చెట్లకి కట్టడానికి పాత గుడ్డలు అడుగుతూ ఇల్లిల్లూ తిరిగింది. కొందరు భయపడ్డారు. కొందరు మా ఆయన్ని అడిగి చెప్తామన్నారు. ఒకావిడ మాత్రం పాత నేతచీరలు మూడు తెచ్చి చేతిలో పెట్టింది. అది చూసి మిగతావాళ్ళూ కదిలారు. సాయంత్రానికి పదకొండు చెట్లకీ గ్రీజు గుడ్డలు పడ్డాయి. మర్నాటి నుంచి నూకరత్నం చెట్టు మీద మొసలిపిల్లలున్న రెమ్మలు తుంచి, టిఫిన్ డబ్బాల్లో పెట్టుకుని, మిగతా చెట్ల మీద వదలడం మొదలుపెట్టారు. గడువుకి ఎనిమిది రోజులుంది.

పురుగుకి గడువు తెలియదు కదా. అది తన లెక్కన తను తింటుంది. నూకరత్నం రోజూ ఒక తెల్లగుడ్డ చెట్టు కింద పరిచి, సాయంత్రం ఇస్త్రీ పెట్టె నడిపి మచ్చలు చూసేది. నలభై. ముప్పై మూడు. పద్దెనిమిది. పదకొండు. ఆరు.

ఆరు దగ్గరున్న రోజున, ఇంకా ఒక రోజు గడువుండగానే రంపం మిషను వచ్చేసింది.

చెట్లకి చీరలు కట్టడం దక్షిణామూర్తి గారి కంట పడింది. తన ఆర్డరు మీద ఆడవాళ్ళు ఆర్డరు వేశారని ఆయనకి ఒళ్ళు మండింది. శనివారం పొద్దున్నే మనుషుల్ని రప్పించి ఆ చివర పదకొండో చెట్టుతో మొదలుపెట్టమన్నాడు. నూకరత్నం ఈ చివర నుంచి పరిగెత్తింది. చేరేసరికి చెట్టు సగం దాకా తెగింది. మిగతాది దాని బరువుకి అదే విరిగి పడింది. వీధి ఆ మేరకి ఒక్కసారిగా తెల్లబడిపోయింది. ఎండ ఎప్పుడూ పడని అరుగుల మీద ఎండ పడింది.

రంపం పదో చెట్టు దగ్గరికి వచ్చింది. నూకరత్నం మానుకి వీపు ఆనించి నిలబడింది. రంపం మనిషి ఆగి ప్రెసిడెంటు వైపు చూశాడు.

"బాబుగారూ, ఒక్క పగలు ఆగండి," అంది ఆవిడ. ఊపిరి అందడం లేదు. "రేపు మీ తెల్ల పంచె నా చెట్టు కింద పరవండి. సాయంత్రం మీ కళ్ళముందే ఇస్త్రీ చేస్తాను. ఒక్క మచ్చ తేలినా మిగతా పదీ కొట్టించుకోండి. నా బండి నేనే తోసుకుపోతాను."

చుట్టూ జనం చేరారు. ఆయనకి జనం అంటే ఇష్టం. పైగా మచ్చ తేలుతుందని ఆయనకి గట్టి నమ్మకం. సరే, ఒక్క మచ్చ అన్నావు, మాట మీద నిలబడు అన్నాడు.

ఆదివారం పొద్దున ఏడింటికి నులకమంచం వేసి, దాని మీద పంచె పరిచారు. కాలనీ అంతా కుర్చీలు తెచ్చుకుంది. రంపం మనుషులు ఆటోలో కూర్చుని కారప్పూస తింటున్నారు.

తొమ్మిదింటికి ఒక కాకి వచ్చి సరిగ్గా పంచె పైకొమ్మ మీద వాలింది. కుర్చీల్లోంచి అందరి తలలూ పైకి లేచాయి. ఎటో చూసి ఎగిరిపోయింది. పన్నెండింటికి సముద్రం గాలి లేచి కొమ్మలన్నీ ఊగాయి. ఏమేం రాలుతాయో అని నూకరత్నం కళ్ళు మూసుకుంది. రెండు పండుటాకులు రాలాయి. మూడింటికి దక్షిణామూర్తి గారు లేచి, మంచం నాలుగడుగులు అటు జరపమన్నాడు. అటు రెండో చెట్టు కొమ్మలు వచ్చి కలుస్తాయి. ఆ చెట్టుకి మొసలిపిల్లలు వెళ్ళి వారమే అయింది. ఇది ఒప్పందంలో లేదు కదండీ అని ఎవరో గొణిగారు. నూకరత్నం ఒక్క క్షణం ఆలోచించింది. జరపండి అంది.

అయిదింటికి ఆవిడ పెట్టెలో బొగ్గులు నింపింది. విసిరి ఎర్రగా చేసింది. పంచె బల్ల మీద పరిచింది. నీళ్ళు చల్లింది. పెట్టె నడిపింది.

మొదటి మడత. తెల్లగా ఉంది. రెండో మడత. తెల్లగా ఉంది. కుర్చీల్లో వాళ్ళంతా లేచి బల్ల చుట్టూ మూగారు. మూడో మడత మీద పెట్టె చివరిదాకా వెళ్ళి వెనక్కి వస్తుంటే, అంచుకి జానెడు దూరంలో, ఆవగింజంత గోధుమరంగు చుక్క తేలింది.

ఆవిడ చేతి కిందే ఉంది. ఇంకా ఎవరూ చూడలేదు. మడత పెట్టడంలో ఆ ఊళ్ళో ఆవిడని మించినవాళ్ళు లేరు. బొటనవేలు దాని మీద వేసి ఒక్క మడత లోపలికి తిప్పితే, ఆ చుక్క ఎవరికీ కనపడదు. చెట్లు ఉంటాయి. బండి ఉంటుంది.

దాచేసిందా అంటావా? నేనైతే దాచేసేదాన్ని. ఆవిడ దాచలేదు. చెయ్యని మచ్చలకి నెలల తరబడి అబద్ధాలకోరు అనిపించుకుంది. ఉన్న మచ్చ దాచి ఆ మాట నిజం చెయ్యడం ఆవిడకి ఇష్టం లేకపోయింది.

"ఇక్కడొకటుంది బాబుగారూ," అంది. పెట్టె పక్కన పెట్టింది.

దక్షిణామూర్తి గారు వంగి చూసి, వేలితో చూపించి, అందరికీ కనపడిందా అని అడిగాడు. కనపడింది. రంపం మనుషులకి సైగ చేశాడు. వాళ్ళు కారప్పూస పొట్లం మడిచి లేచారు. మిషను తాడు లాగారు. అది గుర్రుమంది. నూకరత్నం బండి చక్రాల కింద రాళ్ళు తియ్యడానికి వంగింది.

"ఆపండి," అంది ఒక గొంతు. అది ఎవరి గొంతో చాలామంది పోల్చుకోలేకపోయారు.

వరూధినమ్మ ముందుకి వచ్చింది. పంచె చేతిలోకి తీసుకుంది.

"నలభై మచ్చలు పడే చోట ఒకటి పడింది. ముప్పై ఎనిమిదేళ్ళుగా మీ చొక్కా కాలరు మురికి నేను రుద్దుతూనే ఉన్నాను, పూర్తిగా పోయిన రోజు లేదు. మిమ్మల్ని నరికించానా?"

ఎవరో ఆడమనిషి కిసుక్కుమంది. దక్షిణామూర్తి గారి మొహం ఎర్రబడింది. ఇది సంఘం తీర్మానం, నలభై ఓట్లు పడ్డాయి, నువ్వు లోపలికి పో అన్నాడు.

"ఓటు ఇంటి సొంతదారుది అని రాసింది మీరే," అంది ఆవిడ. "మన ఇల్లు నా పేరున ఉంది. నేను చెయ్యి ఎత్తలేదు."

ఇది నీకు కాస్త వివరంగా చెప్పాలి. ఆ కాలనీ మగవాళ్ళు ఇంత డబ్బెక్కడిదని ఆఫీసుల్లో ఎవరైనా ఆరా తీస్తారని భయపడి, ఇళ్ళు చాలావరకు పెళ్ళాల పేర్ల మీద రాయించారు. రాయించి ఆ సంగతి మర్చిపోయారు. సంతకం పెట్టించేటప్పుడు ఇక్కడ పెట్టు అని చూపించారే గానీ, ఇది నీ ఇల్లు అని ఎవరూ చెప్పలేదు. అందుకని ఆడవాళ్ళూ దాన్ని పట్టించుకోలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. మూడు చీరలిచ్చిన ఆవిడ, మాదీ నా పేరునే ఉంది అంది. ఆ పక్కావిడ, మాదీ అంది. ఒకావిడ మొగుడి వైపు తిరిగి, మనది ఎవరి పేరున ఉందండీ అని అడిగింది. ఆయన చెప్పులు చూసుకున్నాడు. దాంతో ఆవిడకి తెలిసిపోయింది.

నలభై ఇళ్ళల్లో ముప్పై ఒకటి ఆడవాళ్ళవి. చెట్లు ఉంచాలనే వాళ్ళు చేతులెత్తండి అంది వరూధినమ్మ. ముందు ఆరు లేచాయి. ఆ తర్వాత పదహారు. ఆ తర్వాత కొంతసేపు ఏ చెయ్యీ లేవలేదు. మిషను గుర్రుమంటూనే ఉంది. నూకరత్నం రాయి చేత్తో పట్టుకుని అలాగే వంగి ఉంది. వెనక వరసలో మొగుడు చెయ్యి పట్టి లాగుతున్న ఒకావిడ రెండో చెయ్యి ఎత్తింది. ఆ తర్వాత మిగతావి లేచాయి. లెక్కపెడితే ఇరవై ఏడు.

రంపం మనిషి అందరికంటే తెలివైనవాడు. ఎవరినీ అడగకుండా మిషను ఆపి ఆటోలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పేనుబంక పూర్తిగా పోయిందా అంటే పోలేదు. కాస్తో కూస్తో ప్రతి ఏడూ వస్తుంది. దాని వెనకే అక్షింతల పురుగులూ వస్తాయి. పదకొండో చెట్టు చోటు మాత్రం ఖాళీగానే ఉంది. అక్కడి ఇళ్ళవాళ్ళు మిట్టమధ్యాహ్నం తలుపు తీసినప్పుడల్లా దక్షిణామూర్తి గారిని తలుచుకుంటారు. ఏమని తలుచుకుంటారో నీకు పెద్దయ్యాక చెప్తాను.

చీమ నేలదారి పట్టింది,
రంపం ఊరిదారి పట్టింది,
కథ కంచిదారి పట్టింది,
నా తల్లి నిద్రదారి పట్టాలి.

ఏంటి, ఇంకా పడుకోలేదూ? నూకరత్నం ఏం చేసిందనా?

ఆ చెట్టు కిందే ఇంకో పందొమ్మిదేళ్ళు ఇస్త్రీ చేసింది. దక్షిణామూర్తి చొక్కా మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు.